అద్దె ఇంటి పెరట్లో షెడ్డు రేకులు లేచిపోతే వేయించాల్సింది ఎవరు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. తెలంగాణలో ఒక ఇండిపెండెంట్ ఇల్లు పదకొండు నెలల అగ్రిమెంటుతో అద్దెకు తీసుకున్నారు. గడువు అయిపోయినా కొత్త కాగితం రాసుకోలేదు, అద్దె కడుతూ అలాగే ఉంటున్నారు. పెరట్లో సిమెంటు రేకుల షెడ్డు ఉంది, అందులో బండి, వాషింగ్ మెషీన్ పెట్టుకున్నారు. దాని పక్కనే బయటి బాత్రూమ్. గాలివానకు రేకులు కొన్ని లేచిపోయాయి, ఒకటి పక్కింటివాళ్ల కారు మీద పడింది. బాత్రూమ్ తలుపు కింది చెక్క ఎప్పటినుంచో కుళ్లిపోతూ ఉంది. ఓనరు మాత్రం "అగ్రిమెంటులో షెడ్డు మాటే లేదు, వాడుకునేది మీరు, మీరే వేయించుకోండి" అంటున్నారు. మీరే వేయించి ఆ డబ్బు అద్దెలో పట్టుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు చెప్పినదాన్ని బట్టి షెడ్డు ఇంటితో పాటు మీకు ఇచ్చినదే. పాతబడి, గాలికి పోయిన రేకులను మీ డబ్బుతో వేయించాల్సిన బాధ్యత మీకు లేదు. అయితే ఓనరుకు రాతపూర్వకంగా చెప్పకుండా మీరే పని చేయించి అద్దెలో మాత్రం కోయకండి. తలుపు విషయంలో కూడా ఇంతే, కాకపోతే అక్కడ ఒక చిన్న మెలిక ఉంది, కింద చెప్తాను.

నేను సివిల్ కోర్టుల్లో అద్దె తగాదాలు చూసే వకీలుని. ఓనర్ల తరఫునా వాదిస్తాను, అద్దెకున్నవాళ్ల తరఫునా వాదిస్తాను. ఇంటి లోపల గోడ బీటలిస్తే ఎవరు చూసుకోవాలో ఇద్దరికీ అంతో ఇంతో అవగాహన ఉంటుంది. పెరట్లో షెడ్డు, స్కూటర్ గ్యారేజీ, మోటారు గది, వంటపాక, అవుట్‌హౌస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికి వారు "అది నాది కాదు" అంటారు. అగ్రిమెంటు రాసేటప్పుడు వాటిని ఎవరూ పట్టించుకోకపోవడమే దీనికి కారణం.

చట్టం నిజంగా ఏం చెప్తోంది

రిపేర్లన్నీ ఓనరే చేయించాలని చట్టంలో ఉంది అనుకుంటారు చాలామంది. అలా లేదు. మన దగ్గర మామూలు ఇంటి అద్దెలకు ఆధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 108వ సెక్షన్ ఇద్దరి హక్కులు, బాధ్యతలు చెప్తుంది. మీకు పనికొచ్చేవి అందులో రెండు.

మొదటిది (ఎం) క్లాజు. ఇల్లు మీ చేతికి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో ఉంచాలి, ఖాళీ చేసేటప్పుడు అలాగే అప్పగించాలి. దీనికి రెండు మినహాయింపులు ఉన్నాయి: వాడకంలో సహజంగా వచ్చే అరుగుదల, మనిషి ఆపలేని శక్తి వల్ల వచ్చిన నష్టం. మీ వల్లో, మీ మనుషుల వల్లో పాడైందని ఓనరు నోటీసు ఇస్తే మూడు నెలల్లోగా మీరు బాగుచేయించాలి. అంటే రేకులు ముసలివై పోతే మీ మెడకు చుట్టుకోదు. మీరు వాటి మీద బరువు వేసి విరగ్గొడితే చుట్టుకుంటుంది.

రెండోది (ఎఫ్) క్లాజు. ఓనరు చేయించాల్సిన బాధ్యత ఉన్న రిపేరును, మీరు నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. మీరు అడుగుతున్న హక్కు ఇదే. కానీ "బాధ్యత ఉన్న" అనే మాట దగ్గరే కేసులు ఆగిపోతాయి. ఆ బాధ్యత ఈ క్లాజు నుంచి పుట్టదు. అగ్రిమెంటులో రాసుకుని ఉండాలి, లేదా ఆ ప్రాంతంలో అలవాటుగా వస్తూ ఉండాలి, లేదా వేరే చట్టమేదైనా చెప్పి ఉండాలి.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. అగ్రిమెంటులో ఏమీ లేకపోతే, మిమ్మల్ని కట్టమని ఓనరు బలవంతపెట్టలేరు. ఆయన మెడ వంచి కట్టించడానికి మీకూ నేరుగా దారి లేదు. షెడ్డు అలాగే పడి ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఈ మాట చెప్తే మొదట నమ్మరు, కానీ ఇది తెలియకుండా అద్దె ఆపేసిన వాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

ఈ ఖాళీని పూడ్చేది వాడుక. "విరుద్ధమైన ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు" అనే షరతు మీదే 108వ సెక్షన్ నడుస్తుంది. మన వైపు గోడలు, కప్పు, పైపులైను, మెయిన్ వైరింగ్ ఓనరు చూసుకోవడం, బల్బులు, కుళాయి వాషర్లు, గడియలు, కాలువ శుభ్రం అద్దెకున్నవాళ్లు చూసుకోవడం మామూలే. అయితే మామూలే అని నోటితో అంటే కోర్టులో సరిపోదు, చూపించాలి. ఇంతకు ముందు బోరు మోటారు కాలిపోతే ఓనరు బాగుచేయించారా? షెడ్డు రేకు కారుతోందంటే మేస్త్రీని పంపారా? అప్పటి వాట్సాప్ మెసేజ్ ఒక్కటి ఉన్నా మీకు బలం.

2021లో కేంద్రం తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టం ఈ గందరగోళాన్ని చాలావరకు తీసేసింది. అద్దె ఇల్లు అంటే దాని తోట, గ్యారేజీ, ఖాళీ స్థలం, అవుట్‌హౌస్‌లు కూడా అని నిర్వచనంలోనే రాశారు. అగ్రిమెంటులో వేరేలా రాసుకోకపోతే ఎవరి పనులేమిటో షెడ్యూలులో విడగొట్టారు. కట్టడానికి సంబంధించిన రిపేర్లు, సున్నాలు, తలుపులు కిటికీల రంగులు, పైపులు మార్చడం, వైరింగ్ ఓనరువి. స్విచ్చులు, కుళాయిలు, తాళాలు, దోమతెరలు, కిటికీ అద్దాలు, తాను వాడుకునే తోట బాగోగులు అద్దెకున్నవారివి. ఓనరు చేయించనప్పుడు అద్దెలో కోసుకోవచ్చు గానీ ఏ నెలలోనూ సగం అద్దెకు మించకూడదు. ఇది నమూనా చట్టం, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే కోర్టులో నిలబడుతుంది. అయినా ఓనరుతో మాట్లాడేటప్పుడు ఈ జాబితా చూపించండి. దేశం మొత్తానికి న్యాయమని రాసిన పద్ధతి ఇదీ అంటే చాలామంది మెత్తబడతారు.

"అగ్రిమెంటులో షెడ్డు లేదు" అన్న మాట నిలబడుతుందా?

ఇది మీ కేసుకు గుండెకాయ. అగ్రిమెంటు చివర షెడ్యూలు అని ఒక పేరా ఉంటుంది, అది తీసి చదవండి. అందులో ఇంటి నంబరు రాసి, తూర్పు పడమర ఉత్తర దక్షిణాల హద్దులు ఇచ్చి ఉంటే, ఆ హద్దుల మధ్య ఉన్నదంతా మీకు ఇచ్చినట్టే వాదించవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ కూడా ఇటే మొగ్గుతుంది: వేరే ఉద్దేశం కనపడితే తప్ప, ఆస్తితో పాటు నేలకు అంటిపెట్టుకుని ఉన్నవీ వెళ్తాయి. అలా కాకుండా "రెండు బెడ్రూములు, హాలు, వంటగది, అటాచ్డ్ బాత్రూమ్ మాత్రమే" అని రాసి ఉంటే ఓనరు మాటకు బలం వస్తుంది. అప్పుడు షెడ్డు మీరు ఆయన అనుమతితో ఊరికే వాడుకుంటున్నది అవుతుంది. అయినా దాన్ని బాగుచేయించే భారం మీ మీదకు రాదు. ఆయన వద్దంటే వాడటం ఆపాల్సి వస్తుంది, అంతే.

ఈ వాదనలో ఉన్న వైరుధ్యం ఓనర్లు గమనించరు. షెడ్డు అద్దెలో భాగం కాదంటే అది పూర్తిగా ఆయన ఆధీనంలోనే ఉన్నట్టు. అప్పుడు దాని రేకు ఎగిరి పక్కవాళ్ల కారు మీద పడితే ముందుగా సమాధానం చెప్పుకోవాల్సింది కూడా ఆయనే. ఈ ఒక్క మాట మర్యాదగా చెప్పి చూడండి.

మీకు నేరుగా వర్తించకపోయినా ఇంకో ఆధారం ఉంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో భవనం అనే మాటకు ఇచ్చిన అర్థంలో, ఇంటితో పాటు అద్దెకిచ్చిన తోటలు, ఆవరణ, గ్యారేజీలు, అవుట్‌హౌస్‌లు అన్నీ కలిపి ఉన్నాయి. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు, కాబట్టి మీ అద్దె బహుశా దాని బయటే ఉంటుంది. అయినా ఇంటినీ దాని చుట్టూ ఉన్న చిన్న కట్టడాలనీ చట్టం ఒకటిగానే చూస్తూ వచ్చిందని చెప్పడానికి అది పనికొస్తుంది.

గడువు అయిపోయిందని కంగారుపడొద్దు. ఓనరు అద్దె తీసుకుంటూనే ఉన్నారు కాబట్టి ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం అది నెలనెలా సాగే అద్దెగా కొనసాగుతున్నట్టే.

రేకులు ఎందుకు పోయాయో ముందు చూడండి

కోర్టుకు వెళ్లినా, ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నా, చివరికి తేలాల్సింది ఇదే. గాలి వచ్చిందని అందరికీ తెలుసు. ఆ గాలికి వీధిలో మిగతా షెడ్లు నిలబడి మీది ఒక్కటే ఎందుకు లేచింది?

మేస్త్రీ రాకముందే మీరే దగ్గరగా చూడండి. రేకును ఇనప పైపుకు పట్టి ఉంచేది జె ఆకారంలో ఉండే హుక్కు. దాని నట్టు కింద ఒక వాషరు ఉంటుంది. ఎండకు ఆ వాషరు ఎండి, పగిలి, పొడి అయిపోతుంది. అక్కడ నుంచి నీరు దిగి హుక్కు తుప్పు పడుతుంది, రేకు మీద గోధుమరంగు మరక రింగులా కనిపిస్తుంది. తర్వాత ప్రతి గాలికీ రేకు కాస్త కాస్త ఊగి, హుక్కు రంధ్రం వెడల్పు అవుతుంది. విరిగిన ముక్కలో రంధ్రం గుండ్రంగా కాకుండా సాగినట్టు, అంచులు అరిగినట్టు ఉంటే అది ఏళ్ల తరబడి జరిగిన అరుగుదల. ఒక్క రాత్రి గాలి చేసిన పని కాదు. అలాగే స్తంభం పైపు నేలలోకి దిగే చోట తుప్పు చూడండి. చిన్న సుత్తితో తట్టితే పెచ్చులు ఊడిపడుతుంటే ఆ షెడ్డుకు ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. ఇవన్నీ ఓనరు వైపు లెక్కలు.

మీ వైపు లెక్కలు కూడా నిజాయితీగా చూసుకోండి. పైపులకు బట్టల తీగలు గట్టిగా లాగి కట్టారా? పిల్లలకు ఉయ్యాల వేశారా? రేకుల మీద పాత సామాను ఎక్కించారా? నేను ఓనరు తరఫున చూసిన ఒక కేసులో అద్దెకున్నాయన షెడ్డు మీద ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు పెట్టించాడు. వెయ్యి లీటర్ల నీరంటే వెయ్యి కిలోలు. మధ్య పైపు వంగిన ఫొటోలు చూశాక ఆయనే ఒప్పుకుని బాగుచేయించాడు.

ఒక హెచ్చరిక: పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ముక్కల్ని పగలగొట్టకండి, పొడిగా ఊడ్చకండి. నీళ్లు చల్లి తడిపి, మూతికి మాస్కు పెట్టుకుని పక్కకు చేర్చండి. మిగిలిన రేకుల మీదకు మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి. పైకి గట్టిగా కనపడే పాత రేకు కాలు పెట్టగానే విరుగుతుంది, మనిషి నేరుగా కింద పడతాడు.

తలుపు మెలిక

బయటి బాత్రూమ్ తలుపు కుళ్లడం సహజ అరుగుదల కిందికే వస్తుంది. కానీ అది మొదలైనప్పుడే మీకు తెలిసి కూడా చెప్పకపోతే, చిన్న రిపేరుతో పోయేది మొత్తం తలుపు మార్చేదాకా తెచ్చారని ఓనరు అనవచ్చు. ఆస్తిని మామూలు జాగ్రత్త ఉన్న మనిషి తన సొంత ఆస్తిని చూసుకున్నట్టు చూసుకోవాలని 108వ సెక్షన్‌లోని (ఓ) క్లాజు అంటుంది. గడియ, బందులు మీరు వేయించుకోండి, తలుపు ఆయన్ని పెట్టించమనండి. ఇలా పంచుకుంటే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఇంట్లో వేరే బాత్రూమ్ లేక ఆ బయటిదే మీకు దిక్కైతే మాత్రం దాన్ని అదనపు కట్టడంగా చూడకూడదు. అది లేకుండా ఇల్లు నివాసానికి పనికిరాదు, కాబట్టి గట్టిగానే అడగవచ్చు.

నా దగ్గరికి తరచూ వచ్చే మరికొన్ని

పాత కిరాయిదారు సొంత డబ్బుతో షెడ్డు వేసుకుని, ఖాళీ చేసేటప్పుడు వదిలేసి పోయాడు. ఓనరు "నేను వేయలేదు, నాకేం సంబంధం" అంటాడు. సంబంధం ఉంది. తాను బిగించినవి ఊడదీసుకుపోయే హక్కు అద్దెకున్నవాడికి ఆ ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకే, అది (హెచ్) క్లాజు. వదిలేసి వెళ్లాక అది ఆస్తితో పాటు ఓనరుదే. తర్వాత వచ్చిన మీకు దాన్ని చూపించి అద్దె మాట్లాడినప్పుడు ఇంకా వాదన ఎందుకు?

ఓనరు తన పాత బీరువా, మంచాలు పెట్టి తాళం వేసుకున్న గది. అది మీకు ఇవ్వలేదు. దాని కప్పు కారితే మీకు పనిలేదు. ఆ నీరు మీ గోడలోకి దిగుతోందని మాత్రం వెంటనే మెసేజ్ పెట్టండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఓనరు పలకడం లేదని విసుగొచ్చి, రేకులు తీసేసి మీరే ఇటుక గోడ కట్టి స్లాబు వేయించడం. ఓనరు అనుమతి లేకుండా శాశ్వత కట్టడం కట్టకూడదని (పి) క్లాజులో స్పష్టంగా ఉంది. ఏది శాశ్వతం అన్నదానికి ఒకే కొలత లేదు. కట్టినవాడి ఉద్దేశం, కట్టడం స్వభావం, పరిమాణం, పాడవకుండా తీయగలమా అన్నవి కలిపి చూడాలని 2012లో సుప్రీంకోర్టు పురుషోత్తం దాస్ బంగూర్ కేసులో చెప్పింది. మంచి ఉద్దేశంతో డబ్బు పెట్టి, ఆ కట్టడం వల్లే ఖాళీ చేయమనే దావా ఎదుర్కొన్న కుటుంబం కోసం నేను వాదించాను. వాళ్లు పడ్డ టెన్షన్ చూశాక ఈ మాట ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టుగా బాగుచేయించడం వరకే ఆగండి.

పక్కింటి కారు

గాలివాన దైవికం కదా, ఎవరూ బాధ్యులు కారు అని మీ ఓనరు అనవచ్చు. ఏటా వచ్చే ఈదురు గాలి ఊహించలేనిది కాదు, కాబట్టి ఆ వాదన అంత తేలిగ్గా నిలబడదు. రేకు వదులుగా ఉందని ఎవరికి తెలుసు, బాగుచేయించే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నవే చూస్తారు. మీరు ముందే ఓనరుకు చెప్పి ఉంటే భారం ఆయన వైపు జరుగుతుంది. తెలిసీ ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే మీకూ అందులో వాటా వస్తుంది. కారుకు సమగ్ర బీమా ఉంటే పక్కవాళ్లను ముందు అక్కడ క్లెయిమ్ చేసుకోమనండి. మిగిలినది ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి, పక్కింటితో కోర్టు దాకా పోయేంత విషయం కాదిది.

ఇప్పుడు చేయాల్సింది

ఇవాళే ఫొటోలు, వీడియో తీయండి. విరిగిన రేకు, హుక్కు రంధ్రం, పైపు తుప్పు, తలుపు అన్నీ రావాలి. ఆ ముక్కల్లో ఒకటి రెండు పారేయకుండా ఒక పక్కన దాచండి. ఫోన్‌లో ఉన్నవి కోర్టులో పెట్టాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, కాబట్టి అసలు ఫైళ్లు, చాట్ డిలీట్ చేయొద్దు.

తర్వాత ఓనరుకు రాయండి. కోపం లేకుండా, ఇలా:

"అండీ, ఫలానా తేదీ గాలివానకు పెరటి షెడ్డు రేకులు లేచిపోయాయి, ఒకటి పక్కింటి కారు మీద పడింది. మిగిలిన రేకుల హుక్కులు కూడా తుప్పు పట్టి వదులుగా ఉన్నాయి, మళ్లీ గాలి వస్తే ప్రమాదం. బయటి బాత్రూమ్ తలుపు కింద కుళ్లిపోయింది. ఫొటోలు పంపుతున్నాను. పదిహేను రోజుల్లోగా మీరు మేస్త్రీని పంపి బాగుచేయించమని కోరుతున్నాను. మీకు వీలుకాకపోతే నేను చేయించి బిల్లులు మీకిస్తాను, అద్దెలో మినహాయించుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఒక్క మాట రాయండి."

వాట్సాప్‌లో పెట్టి, అదే మాట కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ఆయన "సరే" అని జవాబిస్తే మీ పని అయినట్టే. అది ఒప్పందం అవుతుంది, ఇక (ఎఫ్) క్లాజు మీద వాదులాడాల్సిన అవసరం లేదు. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ అంచనా ఆయనకు పంపండి, బిల్లు మీ పేరున ఇంటి అడ్రసుతో తీసుకోండి.

ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు వెంటనే అద్దె కోయొద్దని నా సలహా. నెలనెలా సాగే నివాస అద్దెను పదిహేను రోజుల నోటీసుతో ముగించే హక్కు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద ఆయనకు ఉంది. అద్దె బాకీ కూడా తోడైతే మీ మాటకు విలువ తగ్గుతుంది. షెడ్డులో సామాను లోపలికి మార్చుకోండి, వదులు రేకుల్ని మనిషిని పెట్టి తాడుతో కట్టించండి లేదా దింపించండి, ఆ చిన్న ఖర్చు రసీదు దాచండి. డబ్బు మరీ పెద్దదై వదులుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. కోర్టు ఫీజు లేకుండా, కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. ఇలాంటి చిన్న తగాదాలు అక్కడ తెగినంత త్వరగా ఇంకెక్కడా తెగవు.

కొత్త అగ్రిమెంటు రాసుకునేటప్పుడు షెడ్యూలులో ఈ వాక్యం చేర్పించండి: "పెరటిలోని రేకుల షెడ్డు, బయటి బాత్రూమ్, మోటారు గది, ప్రహరీ గోడ ఈ అద్దెలో భాగం, వీటి కప్పు, గోడలు, స్తంభాలు, తలుపుల మరమ్మతు యజమానిది, శుభ్రత, గడియలు, బల్బులు కిరాయిదారువి." చేరిన రోజు తీసిన ఫొటోల మీద ఇద్దరూ సంతకం చేస్తే ఇంకా మంచిది.

మీ అగ్రిమెంటులో షెడ్యూలు పేరాను, పేర్లు, ఇంటి నంబరు తీసేసి, ఇక్కడ టైప్ చేసి పెట్టండి. హద్దులు ఎలా రాశారో చూస్తే షెడ్డు మీకు ఇచ్చిందో కాదో ఇంకా కచ్చితంగా చెప్పగలను.